ఆశా అక్క చెప్తే వింటారు, నేను చెప్తే తలూపి వెళ్ళిపోతారు... ఎందుకంటారు?

పల్లెక్లినిక్_నర్సు (కొత్త సభ్యురాలు)
అందరికీ నమస్తే. ఇక్కడ చాలా రోజుల్నుంచి చదువుతూనే ఉన్నా గానీ రాయడం ఇదే మొదటిసారి, తప్పులుంటే సర్దుకోండి. బీఎస్సీ నర్సింగ్ చేసి ప్రకాశం జిల్లాలో ఒక ఊళ్ళో విలేజ్ క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీగా (మిడ్ లెవల్ హెల్త్ ప్రొవైడర్, అంటే క్లినిక్ చూసుకునే నర్సుగా) చేస్తున్నా, రెండేళ్ళు కావస్తోంది. మాది పొగాకు, కంది, మిరప ఏరియా, పొద్దున్నే ఊరంతా పొలాల మీదే ఉంటారు.
నా బాధ ఏంటంటే బీపీ. 30 ఏళ్ళు దాటిన అందరికీ చూస్తున్నాం, 140/90 పైన వచ్చినవాళ్ళని డాక్టర్ గారు ఊరికి వచ్చిన రోజున చూపించి మాత్రలు మొదలుపెడుతున్నాం, ఒక్క రూపాయి ఖర్చు లేదు. మొదటి నెల బాగానే వస్తారు. మూడో నెలకి చూస్తే సగం మంది పత్తా లేరు. నేను ఇంటికి వెళ్ళి పక్షవాతం వస్తది, కిడ్నీలు పోతాయి అని అంతా వివరంగా చెప్తే "సరేనమ్మా, అట్టాగేనమ్మా" అంటారు, మర్యాదగా కుర్చీ వేస్తారు, టీ ఇస్తారు, మాత్ర మాత్రం వేసుకోరు. మా ఆశా అక్క టెన్త్ వరకే చదివింది, ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి "ఏం పిన్నీ, ఇయ్యాల మాత్ర మింగావా లేదా, ఏదీ అట్ట చూపీ" అంటే మాత్రం లోపలికి పరిగెత్తుకెళ్ళి తెచ్చి చూపిస్తారు. నాలుగేళ్ళు చదివింది నేను కదా!! కుళ్ళు కాదు గానీ నిజంగా అర్థం కావట్లేదు. ఫీల్డులో చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

కందిపొడి_కబుర్లు
టీ ఇచ్చారంటే వినరని అర్థం అమ్మా 😀 మా ఇంట్లో కూడా ఎల్‌ఐసీ ఏజెంట్‌కి టీ ఇచ్చి పంపిస్తాం.

పాత_హెల్త్_అసిస్టెంట్
అమ్మాయీ, మంచి ప్రశ్న అడిగావు. నేను 1972లో మలేరియా వర్కర్‌గా చేరాను, గోదావరి జిల్లాల్లోనే సర్వీసంతా. 15 రోజులకోసారి నా బీట్‌లో ప్రతి ఇంటికీ వెళ్ళాలి. ఇంట్లో ఎవరికైనా జ్వరం ఉందా, పోయినసారి నేను వచ్చి వెళ్ళాక ఎవరికైనా వచ్చి తగ్గిందా, కొత్తగా చుట్టాలెవరైనా వచ్చారా, ఇవే అడగాలి. ఉందంటే వేలు పొడిచి స్లైడ్ మీద రక్తం తీసుకుని నాలుగు క్లోరోక్విన్ మాత్రలు నా ఎదురుగానే మింగించాలి. తర్వాత గోడమీద స్టెన్సిల్ వేసి ఉంటుంది, అందులో తేదీ వేసి సంతకం. సూపర్‌వైజరు వచ్చి ఆ గోడ చూస్తే చాలు, మనం వెళ్ళామో లేదో తెలిసిపోతుంది.
ఇది ఎందుకు చెబుతున్నానంటే ఆ 15 రోజులే మందు. మొదటి ఆర్నెల్లు నన్ను "దోమలోడు" అనేవాళ్ళు. తర్వాత్తర్వాత నా సైకిల్ బెల్లు వినపడితే మజ్జిగ గ్లాసుతో ఎదురొచ్చేవాళ్ళు. నేను కొత్తగా చెప్పిందేమీ లేదమ్మా, అవే మూడు ప్రశ్నలు. కాకపోతే తప్పకుండా వచ్చాను, ఎండైనా వానైనా.
మరి అది ఎలా చెడిందో కూడా చెప్తాను. ఎమర్జెన్సీ వచ్చింది. 1976లో మమ్మల్నందర్నీ కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కేసులు తెమ్మన్నారు, తేకపోతే జీతం ఆగుతుందన్నారు. ఇంక చూసుకో, అదే సైకిల్ బెల్లు వినపడితే మగాళ్ళంతా కొబ్బరితోటల్లోకి పరారు. జ్వరం కోసమే వచ్చానయ్యా బాబూ అని మొత్తుకున్నా వేలు ఇచ్చేవాడు లేడు. దేశంలో 1965 నాటికి లక్ష కేసులకి దిగిన మలేరియా 1976కి 64 లక్షలకి ఎక్కింది. దానికి కారణాలు వేరే చాలా ఉన్నాయిలే, డీడీటీకి దోమలు అలవాటుపడటం, మందు సప్లై లేకపోవడం, అదంతా ఆపరేషన్ల వల్లే అనను. కానీ నా బీట్‌లో స్లైడ్ల లెక్క పడిపోయింది మాత్రం జనం నన్ను నమ్మక. తిరిగి ఆ మజ్జిగ గ్లాసు రావడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది.

సీమ_చిన్నోడు
పెద్దాయన భలే చెప్పినారు. మా తాత గూడా అనేటోడు, నర్సమ్మ వస్తే అటక ఎక్కి కూర్చునేటోళ్ళమని.

కోడ్_కుర్రాడు
సారీ, అందరూ తిట్టుకోకండి గానీ నాదొక డౌట్. ఇప్పుడు ప్రతి ఇంట్లో ఫోన్ ఉంది, వాట్సాప్ ఉంది. మాత్ర టైముకి ఆటోమేటిక్‌గా తెలుగులో వాయిస్ మెసేజ్ వెళ్ళేలా చేస్తే అయిపోతుంది కదా, ఒక మనిషి ఇంటింటికీ తిరగడం ఎందుకు ఇంకా? నేను బెంగళూరులో ఇలాంటి రిమైండర్ల మీదే పనిచేస్తా, టెక్నికల్‌గా చాలా చిన్న పని అది.

సీమ_చిన్నోడు
అన్నా మా అమ్మకి బీపీ ఉండాది. ఆమె నంబర్ అని ఆస్పత్రిలో రాయించిన ఫోన్ మా తమ్ముడి జేబులో ఉంటాది. వాడు ఉండేది తిరుపతిలో. నీ మెసేజ్‌కి వాడు మాత్ర వేసుకోవల్ల.

కందిపొడి_కబుర్లు
😂😂 తమ్ముడి బీపీ కంట్రోల్‌లో ఉందా?

కోడ్_కుర్రాడు
హహ సరే ఒప్పుకున్నా. కానీ ఫోన్ సొంతంగా ఉన్నవాళ్ళ సంగతి?

ఓరుగల్లు_ఆశ
తమ్ముడూ, నువ్వు మెసేజ్ పంపుతవ్, మంచిదే. ఆమె తిరిగి నిన్ను అడిగితే జవాబు ఎవలు చెప్తరు? "గీ గోలీ ఏసుకుంటె కాళ్ళు వాస్తున్నయ్, ఏసుకోవాల్నా ఆపాల్నా" అని అడుగుతది. ఫోన్ల ఎవ్వలు చెప్పరు, ఇగ ఊర్లున్న ఆర్‌ఎంపీ దగ్గరికి పోతది, ఆయన ఒక సూది ఏస్తడు, గోలీ బంద్ జేయమంటడు. అయిపాయె.
నర్సమ్మా, నేను వరంగల్ దిక్కు ఆశ వర్కర్ని. నీ పోస్ట్ మా బిడ్డ సదివి వినిపిస్తె నవ్వొచ్చింది, ఎందుకంటె మా ఏఎన్‌ఎం మేడం (ఊర్ల తిరిగే నర్సు) గూడ నన్ను గదే అడుగుతది. నిజం జెప్పాల్నంటె నా మాట గూడ మొదట్ల చానేండ్లు ఎవ్వలు వినలే. 2007ల చేరిన. "నీకేం ఎరుక, నిన్నమొన్నటిదాన్క మాతోని నాట్లకు వచ్చినదానివి" అన్నరు. ఊర్ల పుట్టినోళ్ళకు గది ఒక తిప్పల ఉంటది, మన ఇంటి సంగతులన్ని వాళ్ళకు ఎరుకే గదా.
ఎప్పటిసంది వింటున్నరో జెప్త. ఆస్పత్రిల కాన్పు అయి ఇంటికొచ్చిన బాలింతల దగ్గరికి మేము ఆరుసార్లు పోవాలె, 3 నాడు, 7 నాడు, 14, 21, 28, 42. ఆరు సార్లు తిరిగితె 250 రూపాయలు. పైసల ముచ్చట పక్కకు పెట్టుండ్రి. ఒక ఇంటికి 14 నాడు పోయిన. ఏడో రోజు మంచిగనే ఉండె పాప. ఇయ్యాల తల్లి నా దిక్కు చూసి మెల్లగ "పాలు సరిగ తాగుతలేదు అక్కా" అన్నది, అత్త పక్కకుంటె గట్టిగ చెప్పది గదా. బట్ట తీసి శ్వాస లెక్కవెట్టిన. నిమిషానికి 60, ఆపైన ఉంటె తోల్కపోవాలె అని మాకు ట్రైనింగ్‌ల నేర్పిన్రు. 68 వచ్చింది. తప్పు లెక్కవెట్టిన్నేమో అని మళ్ళ వెట్టిన, 70. ఒళ్ళు చల్లగున్నది. నా గుండె గూడ అట్లనే కొట్టుకుంటున్నది.
అత్త "దిష్టి తాకింది, ఎర్రనీళ్ళు తిప్పిన, రేపటికి మంచిగైతది" అంటది. నేను చదివింది చెప్పబోతె లొల్లి అయితదని ఎరుకే. "అవ్వా, దిష్టి ఇంకోసారి తియ్యి, మంచిగ తియ్యి. నువ్వు తీసేలోపు నేను 108కి ఫోన్ జేస్త, అది వచ్చినంక పాపను తల్లి రొమ్ముకు ఆనించి పెట్టుకొని పోదాం" అన్న. ఆమె దిష్టి తీసింది, బండి వచ్చింది, పోయినం. జిల్లా దవాఖానల చిన్నపిల్లల వార్డుల 9 రోజులు ఉంచిన్రు. ఇప్పుడు ఆ పాప మూడో తరగతి.
ఆ అత్తనే ఇప్పుడు వాడల ఎవలు నెల తప్పినా ముందుగాల నాకు ఫోన్ జేస్తది, వాళ్ళ ఇంటోళ్ళకన్న ముందు నాకే తెలుస్తది ఒక్కోసారి. ఒక్క అత్తను గెలిస్తె పది ఇండ్లు గెలిచినట్టే నర్సమ్మా. నువ్వు కోడండ్లకు చెప్తున్నవేమో సూసుకో.

పల్లెక్లినిక్_నర్సు
అక్కా మీ పోస్ట్ మూడుసార్లు చదివా. కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. "దిష్టి ఇంకోసారి తియ్యి" అనడం నాకైతే జన్మలో తట్టదు, నేనైతే దిష్టీ లేదు గిష్టీ లేదు అని క్లాసు పీకేదాన్ని, బండి ఎక్కేవాళ్ళు కాదు.
కాళ్ళ వాపు సంగతి కూడా కరెక్ట్. మేం ఇచ్చే ఆమ్లోడిపిన్‌తో కొంతమందికి పాదాలు వాస్తాయి, అది మాకు తెలుసు, డాక్టర్ గారికి చెప్తే మందు మారుస్తారు. కానీ ఒక్కళ్ళు కూడా నాతో చెప్పలేదు ఇప్పటివరకూ!! ఆలోచిస్తుంటే నేను ఎప్పుడూ అడగలేదేమో కూడా.

డల్లాస్_అమ్మమ్మ
మా మనవరాలి పురిటికి ఇక్కడికొచ్చి ఆర్నెల్లైంది. నేనూ ఆ అత్తలాంటిదాన్నేనమ్మా, ఒప్పుకుంటా. బాలింతకి మంచినీళ్ళు ఎక్కువ ఇవ్వకూడదనీ, పెరుగు వద్దనీ, కారప్పొడి అన్నమే పెట్టాలనీ నేను మొదలుపెడితే ఇక్కడి నర్సు "మీ ఊళ్ళో ఏం పెడతారు చెప్పండి" అని కూర్చుని అంతా రాసుకుంది. వెల్లుల్లి కారం, నెయ్యి, మెంతులు అన్నీ పెట్టండి చాలా మంచిది, నీళ్ళు మాత్రం దాహం వేసినప్పుడల్లా ఇవ్వండి పాలు పడాలి కదా అంది. నా మాట నాలుగు ఒప్పుకుంది కదాని నేనూ ఒకటి ఒప్పుకున్నా. తెలివైన పిల్ల.

పొలంబడి_అన్న
ఈ చర్చ చూస్తుంటే మా డిపార్ట్‌మెంట్ గుర్తొస్తోంది, వ్యవసాయ శాఖలో 26 ఏళ్ళు చేశాను, గుంటూరు పత్తి, మిరప ఏరియాలోనే ఎక్కువ. నర్సమ్మ గారు చేస్తున్నదీ మేం చేసిందీ ఒకటే పని, విస్తరణ, అంటే కొత్త పద్ధతిని జనం దగ్గరికి తీసుకెళ్ళడం. మొదట్లో 1952 అక్టోబర్ 2న సమాజ వికాస పథకం పెట్టినప్పుడు గ్రామసేవకుడు ఒక్కడే, ఎరువూ ఆయనే చెప్పాలి, మరుగుదొడ్డీ ఆయనే చెప్పాలి, ఊరి బావిలో బ్లీచింగ్ కూడా ఆయనే. తర్వాత ఎవరి శాఖ వాళ్ళది అయిపోయింది. మా నాన్న తరం రైతులు గ్రామసేవక్ గారనే పిలిచేవాళ్ళు చాలాకాలం.
మేం నేర్చుకున్నది ఏంటంటే మీటింగ్ పెట్టి చెప్తే ఎవడూ నమ్మడు. రైతు పక్కోడి చేను చూసి నమ్ముతాడు, అది కూడా పక్కోడు తనకంటే ధనవంతుడు కాకూడదు, పదెకరాల ఆసామి చేలో డెమో పెడితే "ఆయనకేం, ఆయన చేయగలడు" అనేసి పోతారు. అందుకే పొలంబడి పెట్టాం, వారానికోసారి అదే పొలంలో అదే ఇరవై పాతిక మంది కూర్చుని ఆకు తిప్పి పురుగు లెక్కపెట్టడం, ఏది శత్రుపురుగు ఏది మిత్రపురుగు అని వాళ్ళచేతే బొమ్మ గీయించడం. మందు కొట్టాలా వద్దా వాళ్ళే తేల్చుకుంటారు. మీ బీపీకి పనికొస్తుందేమో చూడండి, మానకుండా మాత్ర వేసుకునే కూలీ మనిషి ఒకామెని పట్టుకుని ఆమె చేత చెప్పించండి, సర్పంచ్ చేత కాదు.
ఇంకోటి, ఆరోగ్యం అంటే మాకు సంబంధం లేదనుకునేవాళ్ళం, అది మా తప్పే. పురుగుమందు కొట్టేవాడు పడిపోయేదాకా ఎవరికీ పట్టదు. డబ్బా మీద త్రిభుజం ఉంటుంది, ఎరుపు అంటే అన్నిటికన్నా ప్రమాదం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఎంతమంది రైతులకి తెలుసు? నేను అడిగితే ఒకాయన ఎరుపంటే బాగా పనిచేస్తుందని అర్థం కదా సార్ అన్నాడు, ఎర్రది వెతుక్కుని కొంటున్నాడు పాపం. గాలికి ఎదురు కొట్టడం, మూతికి తువ్వాలు కట్టుకుని అది తడిసినా తీయకపోవడం, మందు కలిపిన చేత్తోనే బీడీ, ఖాళీ డబ్బాలో వంటనూనె తెచ్చుకోవడం. నర్సమ్మ గారూ, స్ప్రేయింగ్ సీజన్‌లో సాయంత్రం పూట ఎవరైనా వాంతులు, చెమటలు, చొంగ కారడం, చూపు మసక అని వస్తే ఎండదెబ్బ అనుకోకుండా ఏం మందు కొట్టావని అడగండి, డబ్బా తెమ్మనండి, డబ్బాతో సహా పెద్దాసుపత్రికి పంపండి. పేరు తెలిస్తే వాళ్ళు వైద్యం వేగంగా మొదలుపెడతారు. పారాక్వాట్ అయితే విరుగుడే లేదు.

పల్లెక్లినిక్_నర్సు
సార్, త్రిభుజం సంగతి నాకు కూడా తెలియదు. సిగ్గుగా ఉంది. రేపే మా రైతు సేవా కేంద్రం అసిస్టెంట్‌ని కలుస్తా, ఆ అబ్బాయి కూర్చునేది మా క్లినిక్ పక్క బిల్డింగే, రెండేళ్ళలో పండగ శుభాకాంక్షలు తప్ప ఏమీ మాట్లాడుకోలేదు.

ఉద్దానం_కొబ్బరి
మాది కంచిలి దగ్గర. మా కిడ్నీల సంగతి అందరికీ తెలిసిందే కదా, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఏ మండలం అడిగినా ఇంటికొక కథ. ఎందుకొస్తుందో ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబర్‌లో పలాసలో కిడ్నీ రీసెర్చ్ సెంటరూ ఆసుపత్రీ తెరిచారు, అది మంచిదే, కానీ ఆసుపత్రికి ఎల్లినోడు అప్పటికే సగం అయిపోయినోడు అవుతాడు మాకాడ, ముందు ఏ నొప్పీ ఉండదు కదా ఈ జబ్బుకి.
మా ఏఎన్‌ఎం గారు క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తుందో చెప్పే పరీక్ష) కోసం రక్తం తీస్తానని వస్తే మా వీధిలో తలుపులేసుకునీవోరు. ఎందుకనుకుంటున్నారు? రక్తం ఇస్తే జబ్బు బయటపడతాది, జబ్బని తెలిస్తే పిల్లకి సంబంధం రాదు. మరి ఆవిడ ఏం చేసిందంటే వీధిలో టేబుల్ వేసి పిలవడం మానీసి పొద్దుపోయాక ఒక్కో ఇంటికి ఎల్లి తీసింది, రిజల్ట్ కూడా చీటీ మీద ఎవరి చేతికి వాళ్ళకే. మా నాన్నకి అలాగే తెలిసింది. 1.9, ఉండాల్సిన దానికన్నా ఎక్కువ. ఇంకా డయాలసిస్ దాకా పోలేదు, ఒళ్ళునొప్పుల మాత్రలు మొత్తం మానిపించింది, జీడితోటల్లో పనిచేసీవోళ్ళు రోజూ రెండు మింగీసేవారు ఆ మాత్రలు, కిడ్నీకి అవి విషం లాంటివని ఎవడు చెప్పాడు మాకు అంతకుముందు. ఆవిడకి ట్రాన్స్‌ఫర్ అయితే మా వీధి ఆడోళ్ళు ఏడ్చారు.

తెలంగాణ_తొవ్వ
ఇంత మంచిగ చెప్తున్నరు గానీ ఒక్క మాట. వీళ్ళ పని వల్లనే అందరు దవాఖానకు వచ్చి కాన్పు అవుతున్నరు, ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5 (జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే) ల తెలంగాణల 97 శాతం ఆస్పత్రి కాన్పులే. మరి అదే సర్వేల ఆపరేషన్ కాన్పులు 60 శాతం పైన ఉన్నయ్, దేశం మొత్తంల మనమే ఫస్ట్. గడపదాక తీస్కపోయిన్రు, లోపల ఏమైతున్నదో ఎవలు అడుగుతలేరు.

ఓరుగల్లు_ఆశ
అన్నా లోపల మమ్ముల నిలబడనియ్యరు. కూసోనీకి కుర్చి గూడ ఉండది, వరండాల పండుకుంటం దోమలల్ల. ఆపరేషన్ ఎందుకు అంటే "నువ్వెవరమ్మా అడగటానికి" అంటరు. ముహూర్తం పెట్టుకొని వచ్చేటోళ్ళు గూడ తక్కువ లేరు, అది కూడ చెప్పాలె మరి.
మాకు తెలిసిన కాడికి ముందుగాలనే చేస్తున్నం. రక్తం తక్కువున్నోళ్ళను మూడో నెల నుంచే పట్టుకుంటం. ఎర్ర గోలీలు (ఐరన్‌వి) గర్భిణులందరికి రోజుకు ఒకటి, 180 రోజులు, కాన్పు అయినంక మళ్ళ 180, రక్తం తక్కువున్నోళ్ళకు రోజుకు రెండు. దొడ్డికి నల్లగ అయితున్నదని భయపడి సగం మంది పారేస్తరు, చెప్పుకోరు. నేను ముందే చెప్త, "నల్లగైతది, గోలీతోని అట్లనే అయితది, భయపడకు, తెల్వకపోతె నాకు ఫోన్ జెయ్" అని. చాయ్ తోని వేసుకోవద్దు, కాల్షియం గోలీతో కలిపి వేసుకోవద్దు, నిమ్మకాయ నీళ్ళతోని మంచిది. ఇది పోస్టర్ మీద ఉంటది, కానీ పోస్టర్ దొడ్డి గురించి మాట్లాడదు గదా.

కందిపొడి_కబుర్లు
"పోస్టర్ దొడ్డి గురించి మాట్లాడదు" ఈ ఏడాదికి ఇదే బెస్ట్ లైన్ ఈ ఫోరంలో 🙏

కోడ్_కుర్రాడు
అక్కా మీకు నెలకి ఎంత వస్తుంది? పర్సనల్ అయితే చెప్పొద్దు.

ఓరుగల్లు_ఆశ
పర్సనల్ ఏముంది తమ్మీ. 2023ల మా తాన 9,750, ఆంధ్రల 10 వేలు ఉండె. 18 వేలు ఫిక్స్ జెయ్యాలె అని ధర్నాలు చేస్తనే ఉన్నం. కాగితం మీద మేము ఉద్యోగులం గాదు, వాలంటీర్లం. 2022ల డబ్ల్యూహెచ్‌వో వాళ్ళు మొత్తం దేశంల ఆశలందరికి కలిపి అవార్డు ఇచ్చిన్రు, టీవీల చూసిన, సంతోషమైంది, ఆ రోజు గూడ ఫీవర్ సర్వేకే పోయిన. నాకు పైసలకన్న రాసుడే తిప్పలైతున్నది. గర్భిణుల రిజిస్టర్, పిల్లల రిజిస్టర్, టీబీ, బీపీ షుగర్, కుష్టు సర్వే, మళ్ళ గదే ఫోన్ల ఎక్కియ్యాలె, నెట్ ఉండది, డాబా ఎక్కి నిలబడాలె. ఇంట్ల కూసోని ముచ్చట పెట్టే టైం ఏది. ముచ్చట పెట్టకపోతె ఆ తల్లి "పాలు తాగుతలేదు" అని చెప్పునా నాకు?

మోడరేటర్
జీతాల దగ్గర పార్టీల పేర్లు పెట్టి కొట్టుకున్న 14 కామెంట్లు తీసేశాం. టాపిక్ మీద ఉండండి ప్లీజ్, మంచి చర్చ జరుగుతోంది.

పాత_హెల్త్_అసిస్టెంట్
రాయడం మాకూ ఉండేదమ్మా. మశూచి రోజుల్లో, 1975లో అనుకుంటా, కేసు చూపించిన వాళ్ళకి వెయ్యి రూపాయలని గోడలమీద రాసేవాళ్ళం. వెయ్యంటే నాకు మూడు నెలల జీతం పైన. ఒక ముసలాయన రోజూ మనవణ్ణి ఎత్తుకొచ్చి మశూచే అని గోల, చూస్తే ఆటలమ్మ. పది రోజులు వచ్చాడు. చివరికి విసుక్కోకుండా పదిసార్లూ చూశానని ఆయనే ఊరంతా నా గురించి మంచిగా చెప్పాడు, నాకు దక్కిన పేరు ఆ ఆటలమ్మ వల్ల వచ్చిందే.

(మూడు వారాల తర్వాత)

పల్లెక్లినిక్_నర్సు
అందరికీ మళ్ళీ నమస్తే. ఇన్నాళ్ళు రాయనందుకు సారీ, చెప్పడానికి ఏదైనా ఉన్నాక రాద్దామని ఆగా. పెద్ద పోస్ట్ ఇది.
మీరందరూ చెప్పినవి చదివి ముందు మానేసినవాళ్ళ లిస్టు తీశా. 41 మంది. మా ఆశా అక్కతో కూర్చుని ఒక్కో పేరు చదువుతుంటే ఆవిడ నోటికొచ్చినట్టు చెప్పుకుంటూ పోయింది, "ఈమె కూతురింటికి పోయింది, ఈయన తాగుతాడు మాత్ర వేసుకుంటే తాగకూడదేమోనని మానేశాడు, ఈమె శుక్రవారాలు ఉపవాసం అప్పుడు ఆపి మళ్ళీ మొదలుపెట్టలా". రిజిస్టర్‌లో అందరికీ ఒకటే రాసుంది, రావడం లేదు అని.
నేను 10 గంటలకి ఇళ్ళకి వెళ్ళేదాన్ని, ఇళ్ళల్లో ముసలివాళ్ళూ కోళ్ళూ తప్ప ఎవరూ ఉండరు. అక్క మాట విని పొద్దున్న ఆరున్నరకి ఉపాధి పని జరిగే చెరువు కట్ట దగ్గరికి బీపీ మిషను పట్టుకుని వెళ్ళా. మొదటి రోజు నవ్వారు. "చెరువులోకే వచ్చిందిరా నర్సమ్మ". రెండో రోజు నలుగురు చెయ్యి చాపారు. ఈసారి పక్షవాతం గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు, ఎందుకు మానేశారు అని మాత్రమే అడిగా, అడిగి నోరు మూసుకుని కూర్చున్నా (చాలా కష్టం నాకు అది).
ఏం చెప్పారో చూడండి. ఐదుగురికి కాళ్ళ వాపు. ఓ పెద్దమ్మకి పోయిన నెల మాత్ర అట్ట రంగు మారింది, కంపెనీ మారితే మారుతుంది కదా, నర్సమ్మ వేరే రోగానికి మందు ఇచ్చిందేమోనని బీరువాలో పెట్టేసింది. చాలామంది "చూశావు కదమ్మా తగ్గిందన్నావు, తగ్గాక ఎందుకు" అన్నారు. నేనే అన్నా ఆ మాట! "కంట్రోల్‌లో ఉంది" అనబోయి తెలుగులో "తగ్గింది" అంటున్నా, తగ్గిందంటే వాళ్ళకి జ్వరం తగ్గినట్టే కదా మరి. ఇప్పుడు మార్చుకున్నా, "మాత్ర పట్టి ఉంచింది, వదిలితే లేస్తుంది, గిత్తకి పగ్గం లాగ" అంటున్నా. ఒంగోలు దగ్గర ఊరు కదా, ఆ మాట టక్కున ఎక్కింది.
పొలంబడి సార్ చెప్పినట్టు మానకుండా వేసుకునే ఒకావిడని పట్టుకున్నా, ముఠా మేస్త్రి ఆవిడ, పనిలోకి వచ్చినవాళ్ళ లెక్క చూసుకునేటప్పుడే మాత్ర వేసుకున్నావా అని అడుగుతోంది, అడగమని నేను చెప్పలేదు అసలు. 41లో 17 మంది తిరిగొచ్చారు. కాళ్ళ వాపు వాళ్ళకి డాక్టర్ గారు మందు మార్చారు.
ఇప్పుడు చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నది చెప్తా. లిస్టులో ఒకాయన, 52 ఏళ్ళు, మేకలు కాసుకుంటాడు. అక్క మంగళవారం నాడు "ఆయన తల తిరుగుతుందంటున్నాడు, ఓసారి పోయొద్దాం రా" అంది. ఆ రోజు సాయంత్రం లోపు యాప్‌లో ఎంట్రీలు పూర్తి చేయకపోతే జిల్లా లిస్టులో మా క్లినిక్ ఎర్రగా కనపడుతుందని ఫోన్ల మీద ఫోన్లు. రేపు పోదాం అన్నా. బుధవారం తెల్లవారుజామున పడిపోయాడు, ఎడమ చెయ్యీ కాలూ పోయాయి. మనిషి ఉన్నాడు, ఒంగోలు నుంచి తెచ్చారు. నా ఎంట్రీలు మాత్రం నూటికి నూరు శాతం పూర్తయ్యాయి ఆ రోజు. ఆయన భార్య నన్ను ఏమీ అనలేదు, కుర్చీ వేసింది.

ఓరుగల్లు_ఆశ
నర్సమ్మా. ఏడ్వకు. నాకు గూడ ఉన్నయ్ అసొంటివి, నా లిస్టు నాకున్నది. ఆయన ఇంటికి పోవుడు మాత్రం ఆపకు, సిగ్గు అనిపిస్తది, అయినా పో. చెయ్యి కాలు కసరత్తు ఇంట్లోళ్ళకు నేర్పియ్యి, ఎవ్వలు నేర్పరు వాళ్ళకు. ఒకటే దిక్కు పడుకోవెడితె పుండ్లు అయితయ్, రెండు గంటలకోసారి తిప్పుమను.

పాత_హెల్త్_అసిస్టెంట్
ఆవిడ చెప్పిందే నేనూ చెబుతాను. వెళ్ళు తల్లీ.

కోడ్_కుర్రాడు
నేను మొన్న రాసింది చదువుకుంటే నాకే ఎలాగో ఉంది. ఒకటి అడగొచ్చా, ఆ ఎంట్రీల యాప్ నెట్ లేకుండా కూడా పనిచేస్తే, ఒకసారి ఎక్కించింది మిగతా రిజిస్టర్లలోకి అదే వెళ్ళిపోతే, మీకు రోజుకి ఎంత టైం మిగులుతుంది? ఊరికే అడుగుతున్నా, నా చేతిలో ఏమీ లేదు.

పల్లెక్లినిక్_నర్సు
రెండు గంటలు తమ్ముడూ, తక్కువలో తక్కువ.
వెళ్తున్నా అక్కా, రోజు మార్చి రోజు వెళ్తున్నా. నిన్న వేళ్ళు కొంచెం కదిపాడు.
ఇప్పుడు నాదింకో డౌట్, ఎవరైనా చెప్పండి. జనవరి దాటితే మా ఊరి నుంచి చాలామంది మిరపకోతలకి గుంటూరు వైపు వెళ్ళిపోతారు, రెండు నెలలు అక్కడే గుడిసెలు వేసుకుని ఉంటారు. 17 మందిలో 9 మంది వెళ్ళేవాళ్ళే. మాకు నెలకి సరిపడా మాత్రలే ఇవ్వమంటారు. రెండు నెలలవి ముందే ఇచ్చి పంపాలంటే డాక్టర్ గారి చేత చీటీ మీద రాయిస్తే సరిపోతుందా, లేక అక్కడి పీహెచ్‌సీలో తీసుకునేలా చెయ్యాలా?

పొలంబడి_అన్న
చీటీ రాయించి రెండు నెలలవి ఇచ్చే పంపండి, అక్కడికెళ్ళాక పని మానుకుని ఏ పీహెచ్‌సీకీ పోరు. ఏ ఊరు వెళ్తున్నారో కనుక్కోండి, మిరప కళ్ళాల దగ్గర తిరిగే మా పాత కుర్రాళ్ళు ఉన్నారు, అక్కడి ఆశా నంబర్ సంపాదించి పెడతాను.

పల్లెక్లినిక్_నర్సు
థాంక్యూ సార్. ఊళ్ళ పేర్లు రేపు చెరువు దగ్గర అడిగి రాస్తా. మేస్త్రి ఆవిడ కూడా వాళ్ళతోనే వెళ్తోందట, సంచిలో మాత్రలు అందరివీ తనే పెట్టుకుంటానంటోంది, పేర్లు చదవలేదు కాబట్టి ఒక్కొక్కరికీ ఒక్కో రంగు గుడ్డ సంచి కుట్టించమంది. మా ఆశా అక్క మిషను మీద కుడుతోంది ఇప్పుడు.

డల్లాస్_అమ్మమ్మ
తొమ్మిది రంగుల గుడ్డ ముక్కలు ఉన్నాయా అమ్మా, లేకపోతే మా ఇంట్లో పాత జాకెట్టు ముక్కలు ఒక సంచెడు ఉన్నాయి, ఒంగోల్లో మా చెల్లెలి దగ్గరే ఉన్నాయి.